పైకి వెళ్లే వైరు

మా ఇంట్లో మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన, ఒక సర్వర్ ఉంది. సర్వర్ అనగానే ఏదో పెద్దగా ఊహించుకోకండి. నేను ఇరవై రెండేళ్లు పనిచేసిన ఆఫీసులో పాతబడిందని మూలకు నెట్టేసిన కంప్యూటర్ అది. ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు అడిగి తెచ్చుకున్నాను. విప్పి, దుమ్ము దులిపి, ఇంకో నెట్‌వర్క్ కార్డు బిగించి, ఇంటి ఇంటర్నెట్ మొత్తం దాని గుండా నడిచేలా చేశాను. బయటి లైను ముందు సర్వర్‌లోకి వస్తుంది. సర్వర్ నుంచి రూటర్‌కు వెళ్తుంది. రూటర్ నుంచి మా కింది వాటాకు ఒక దారి. మెట్ల గోడకు మేకులు కొట్టి పైకి లాగిన వైరు గుండా మా మరిది వాటాకు ఇంకో దారి. ఇంట్లో ఏ ఫోను ఆన్ చేసినా, ఏ ల్యాప్‌టాప్ తెరిచినా, దానికి ఒక నంబరు ఇచ్చి లోపలికి రానిచ్చేది నా సర్వరే.

రాంగోపాల్‌పేట్ గల్లీల్లో ఇలాంటి ఏర్పాటు ఇంకెవరింట్లోనూ లేదని నాకు గర్వం. మా ఆయన శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో పనిచేస్తాడు. ఆయనకు ఇవేవీ పట్టవు. వైఫై వస్తే చూస్తాడు, రాకపోతే ఫోను బోర్లించి పెట్టి పడుకుంటాడు. ఆయన శాంతం చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

ఇల్లు మా మామగారు కట్టించింది. గోడలు రాతివి, ఒక్కొక్కటి మూర మందం. వేసవిలో చల్లగా ఉంటుంది గానీ ఫోను సిగ్నల్ లోపలికి రాదు. మిద్దె మీదికి ఎక్కితే తప్ప ఎవరితోనూ తిన్నగా మాట్లాడలేం. అన్నదమ్ములు వాటాలు వేసుకున్నప్పుడు రెండు మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నారు, బోరు మోటారు, ఇంటర్నెట్. మోటారు మరిది చూసుకోవాలి. ఇంటర్నెట్ నేను చూసుకోవాలి.

ఇక అసలు సంగతి. ఇదంతా జరిగిన వారం నాటికి మాకూ పైవాళ్లకూ మాటలు లేక రెండేళ్లు.

మా మరిది కూతురు ఉంది. నాకు పిల్లల్లేరు, అది నా ఒళ్లోనే పెరిగింది. పిల్లకు మాట ఆగుతుంది. నత్తి అంటారు గానీ ఒకే అక్షరాన్ని పదిసార్లు అనడం కాదు దానిది. మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఉండిపోతుంది. నోరు సగం తెరిచి, కళ్లు నిలబెట్టి, నాలుగైదు సెకన్లు కదలదు. ఆ తర్వాత మాట వస్తుంది. మంచిగా, పూర్తిగా వస్తుంది. ఎదుటివాళ్లు కాస్త ఓపిక పట్టాలి, అంతే. బడి నుంచి రాగానే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆరేళ్ల పాటు రోజూ పేపరు పైకి చదివించిందాన్ని నేను. ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో నాకు తెలిసినంతగా కన్నతల్లికి కూడా తెలియదు అనుకునేదాన్ని.

రెండేళ్ల కింద అల్వాల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తరఫువాళ్లు ఏడుగురు వచ్చి పైన హాల్లో కూర్చున్నారు. పిల్లకు ముందే చెప్పి పెట్టారు, అడిగినదానికి తల ఊపు, చిన్న చిన్న మాటలు అను, పెద్దవి జోలికి పోకు అని. నేను మిఠాయి ప్లేటు పట్టుకుని నిలబడి ఆ నాటకం చూస్తున్నాను. అబ్బాయి తల్లి ఏదో అడిగింది. పిల్ల నోరు తెరిచింది, మాట ఆగింది. ఆ తల్లి మొహం చిట్లించి పక్కనున్నామె వైపు చూసింది. అంతే, నా అరికాలి మంట నెత్తికెక్కింది. "పిల్లకు మాట జెర ఆగుతది. ముందే చెప్తున్న. ఆగేటట్టుంటే ఉండుండ్రి, లేకుంటే లేదు" అనేశాను. వాళ్లు చాయ్ కూడా పూర్తిగా తాగకుండా లేచారు.

ఆ రోజు నుంచి మా తోటికోడలు నాతో మాట్లాడలేదు. మరిది మాట్లాడలేదు. నేను మాట్లాడతానా? ఉన్న మాట అన్నందుకు నేనెందుకు తగ్గాలి? పిల్ల కూడా కిందికి రావడం తగ్గించింది, తర్వాత మానేసింది. తల్లిదండ్రులు కట్టడి చేశారని అనుకున్నాను. వాళ్ల మీద ఇంకా పళ్లు కొరికాను.

మాటల్లేకపోయినా గిన్నెలు మాత్రం నడిచాయి. నేను బగారా అన్నం వండినా, పచ్చిపులుసు చేసినా, ఒక గిన్నెడు తీసి మెట్ల మీద ఏడో మెట్టు దగ్గర పెట్టేదాన్ని. పైనుంచి ఎవరో వచ్చి తీసుకునేవాళ్లు. గిన్నె తిరిగి అదే మెట్టు మీదికి వచ్చేది. ఖాళీ గిన్నె తిరిగివ్వడం మా ఇళ్లల్లో లేదు, కాబట్టి దాన్లో ఒక కొబ్బరి చిప్పో, గుప్పెడు చింతపండో, మరిది బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి తెచ్చిన కూరగాయలో ఉండేవి. రెండేళ్లు అలాగే గడిపాం. మనుషులం కాదు, మొండిఘటాలం.

ఆ సోమవారం పొద్దున గిన్నె తిరిగి వచ్చింది. లోపల నాలుగు నిమ్మకాయలు, వాటి కింద మడత పెట్టిన కాగితం. పిల్ల రాత. "పెద్దమ్మా, గురువారం పదకొండు గంటలకు నాకు ఇంటర్వ్యూ. వీడియోలో. విత్తనాలు పరీక్షచేసే ల్యాబులో ఉద్యోగం. రాతపరీక్ష పాసయ్యాను. పది రోజుల నుంచి నెట్ ఆగి ఆగి వస్తోంది. పోయినవారం ఇంకోచోట ఇంటర్వ్యూలో మధ్యలో ఆగిపోతే వాళ్లు కాల్ పెట్టేశారు. నేను మాట్లాడితే నేను ఆగానో నెట్ ఆగిందో వాళ్లకు తెలియదు. నాకూ తెలియదు. మిద్దె మీద ఎండ, కాకులు. వేరేవాళ్ల ఇంట్లో కూర్చుంటే నాకు అసలు మాట రాదు. ఒకసారి చూడవా."

మెట్టు మీదే కూలబడి రెండుసార్లు చదివాను. నాకు ఏడుపు ముందు రాదు, కోపం ముందు వస్తుంది. పది రోజుల నుంచి ఆగుతుంటే ఇప్పుడా చెప్పేది? కింద నాకూ ఆగుతోంది, నిజమే. నేను కంపెనీవాళ్ల లైను బాగోలేదనుకుని తిట్టుకుంటూ కూర్చున్నాను. పైన పిల్ల ఒక ఉద్యోగం పోగొట్టుకుంది, అదీ నేను వేసిన లైను మీద. ఆ కాగితం జాకెట్లో పెట్టుకుని లేచాను. గురువారం పదకొండింటికి ఆ పిల్ల మొహం ఆ తెర మీద ఒక్క క్షణం కూడా నిలిచిపోకూడదు. అది ఆగితే దాని మాటే ఆగాలి గానీ నా లైను ఆగకూడదు.

కంపెనీకి ఫోను చేయడానికి మిద్దె ఎక్కాను. అవతల అమ్మాయి చాలా మర్యాదగా రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంది. చేశానమ్మా అన్నాను. ఇంకోసారి చేయమంది. నేను ఇరవై రెండేళ్లు కంప్యూటర్ సెక్షన్లో చేసినదాన్ని, ఆన్ ఆఫ్ నాకు నేర్పించకు అన్నాను. అర్థమైంది మేడమ్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి అంది. ఆ ఎండలో నిలబడి ఫోను విసిరికొట్టకుండా ఉన్నందుకు నాకు ఎవరైనా శాలువా కప్పాలి. చివరికి మనిషిని పంపిస్తాం అన్నారు.

విచిత్రమేమిటంటే ఆఫ్ చేసి ఆన్ చేస్తే నిజంగానే బాగయ్యేది. అరగంట, గంట. తర్వాత మళ్లీ మొదలు. నా ఫోనులో వచ్చేది, మా ఆయన ఫోనులో రాకపోయేది. కాసేపటికి ఆయనకు వచ్చేది, నాకు పోయేది. పూర్తిగా పోతే ఎక్కడ పోయిందో వెతకొచ్చు. ఇలా దాగుడుమూతలాడేదాన్ని పట్టుకోవడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఇలాంటప్పుడు చేయాల్సిన పద్ధతి ఒకటుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు నేనే నేర్పేదాన్ని. ఒక్కొక్క వైరూ పీకాలి. ఒకటి పీకి చూడు, బాగైందా? లేదా? తిరిగి పెట్టి ఇంకోటి పీకు. ఏది పీకితే బాగవుతుందో తప్పు అక్కడుంది. ఇందులో తెలివితేటలేమీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. సోమవారం మధ్యాహ్నమంతా నేను అదే చేశాను. టీవీ వైరు పీకాను. ప్రింటర్ వైరు పీకాను. బయటి లైను పీకి పెట్టాను. సర్వర్ నుంచి రూటర్‌కు వెళ్లే వైరు మార్చేశాను. ఏమీ తేలలేదు.

మంగళవారం లైన్‌మన్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, చెమటలు కక్కుతూ వచ్చాడు. మంచినీళ్లు ఇచ్చాను, తర్వాత తిట్టాను. అతను బయటి డబ్బా దగ్గర తన మీటరు పెట్టి చూశాడు. లైను అద్దంలా ఉందన్నాడు. లోపలికొచ్చి మెట్ల కింద నా సర్వర్‌ను చూసి తల గోక్కున్నాడు.

"అమ్మా, ఇది ఏందమ్మా మధ్యల? దీన్ని తీసేసి డైరెక్ట్ రూటర్‌కు పెట్టుకోండ్రి. పరేషాన్ ఉండదు."

నా ఇంటికొచ్చి నా సర్వర్‌ను తీసేయమంటాడా! ఆ డబ్బా అక్కడ ఎందుకుందో, అది ఏం చేస్తుందో అతనికి పావుగంట పాఠం చెప్పాను. పాపం విన్నాడు. పోయేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఇంట్ల ఇంకోటి ఏదన్న కొత్తగ పెట్టిండ్రా అమ్మా?" అని అడిగాడు. లేదు అన్నాను, విసురుగా. నా ఇంట్లో ఏం పెట్టారో నాకు తెలియదా?

నాకు తెలియలేదు. అదే కదా ఇప్పటికీ మండేది.

బుధవారం పొద్దున సర్వర్ లోపల ఏం జరుగుతోందో చూద్దామని నా ఫోను బ్రౌజర్‌లో దాని నంబరు కొట్టాను. ఎప్పుడూ నేను రాసుకున్న తెల్ల పేజీ రావాలి. దాని బదులు నీలం రంగు పేజీ ఒకటి వచ్చి, పాస్‌వర్డ్ చెప్పు అంది. నేనెప్పుడూ చూడని పేజీ. ఎవడో నా సర్వర్‌లోకి దూరాడు అనుకున్నాను. గల్లీలో పిల్లల దగ్గర్నుంచి ఎదురింటి కోచింగ్ సెంటర్ దాకా అందరినీ అనుమానించాను. మళ్లీ కొట్టి చూస్తే నా తెల్ల పేజీ. ఇంకోసారి కొడితే నీలం. మా ఆయనను పిలిచి చూపించాను. "రెండూ మంచిగనే ఉన్నయి కదా" అన్నాడు. ఆ మనిషితో నేను ముప్పై ఏళ్లు ఎలా కాపురం చేశానో నాకే ఆశ్చర్యం.

పార్క్‌లేన్ పోయి కొత్త నెట్‌వర్క్ కార్డు తెచ్చాను. సర్వర్ మొత్తం తుడిచేసి మొదటి నుంచీ ఎక్కించాను. పాస్‌వర్డులన్నీ మార్చాను. సాయంత్రానికి నడుము పడిపోయింది. ఆన్ చేస్తే ఇరవై నిమిషాలు బాగా నడిచి మళ్లీ పోయింది. నేను గోడకు ఒక తన్ను తన్నాను. రాతిగోడ, నా కాలి బొటనవేలే వాచింది. పైన ఫ్యాను తిరిగే చప్పుడు వినిపిస్తోంది. పిల్ల రేపటికి చదువుకుంటూ ఉంటుంది అనుకున్నాను.

గురువారం పొద్దున తొమ్మిదిన్నర. మెట్ల కింద ముక్కాలిపీట వేసుకుని రూటర్ ముందు కూర్చున్నాను. ఇంకా గంటన్నర ఉంది. పీకని వైరు ఏదైనా ఉందా అని వేలు పెట్టి లెక్కపెట్టాను. టీవీది, ప్రింటర్‌ది, సర్వర్‌ది, బయటిది. ఒకటి మిగిలింది. మెట్ల గోడ వెంట పైకి వెళ్లేది.

ఆ వైరు నేను సోమవారం నుంచి ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో నాకు బాగా తెలుసు. రూటర్ దగ్గర కూర్చుని ఆ వైరు పీకితే పైన నెట్ పోతుంది. పైవాళ్లు ఏమనుకుంటారు? పెద్దమ్మ కావాలని పీకేసింది, ఇంటర్వ్యూ ఉందని తెలిసి మరీ పీకింది అనుకుంటారు. మాటలున్న ఇంట్లో అయితే మెట్ల దగ్గర నిలబడి "ఒక్క నిమిషం పీకుతున్నా" అని ఒక కేక వేస్తే సరిపోయేది. మాటల్లేని ఇంట్లో వైరు పీకడమంటే యుద్ధం ప్రకటించడమే. నాకు నేనే ఆ వైరును లెక్కలోంచి తీసేశాను. మూడు రోజులు అన్నీ పీకాను, తప్పున్నదాన్ని వదిలేసి.

ఆ వైరు పీకాను. ఫోను తీసి చూశాను. మా ఆయన ఫోను కూడా లాక్కుని చూశాను. రెండింట్లోనూ పరుగులు పెడుతోంది. నంబరు కొడితే నా తెల్ల పేజీ. పదిసార్లు కొట్టినా తెల్ల పేజీయే. నీలం పేజీ మాయమైంది.

అప్పుడు తెలిసింది. పైన నేను పెట్టినది కాకుండా వేరే రూటర్ ఏదో ఉంది, నాకు తెలియనిది. అదీ నంబర్లు పంచుతోంది. పైగా ఫ్యాక్టరీలో దానికి పెట్టి పంపిన నంబరూ, నా సర్వర్ నంబరూ ఒకటే. మా గల్లీలో ఒకే ఇంటి నంబరు రెండు ఇళ్లకు ఉంటే ఉత్తరాలు ఏ గతి పడతాయో, మా ఇంట్లో ఫోన్లకు ఆ గతి పట్టింది. కొన్ని నా సర్వర్ దగ్గరికి పోతున్నాయి, కొన్ని బయటికి దారే లేని ఆ కొత్త డబ్బా దగ్గరికి పోయి నిలబడుతున్నాయి. లైన్‌మన్ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

చెప్పులు వేసుకోకుండానే మెట్లెక్కాను. ఏడో మెట్టు దాటి పైకి ఎక్కడం రెండేళ్లలో అదే మొదటిసారి.

తోటికోడలు తలుపు తీసింది. నన్ను చూసి కదలకుండా నిలబడింది. ఎలా ఉన్నావని నేను అడగలేదు. తనూ రమ్మనలేదు.

"కొత్త రూటర్ ఏడ పెట్టిండ్రు?" అన్నాను.

తను చేత్తో గోడ గూడు వైపు చూపించింది. గూట్లో నల్లటి డబ్బా, దానికి పసుపు, నడిమధ్య కుంకుమ బొట్టు. రెండు వారాల కింద పిడుగు పడ్డప్పుడు పాత రూటర్ కాలిపోయిందట. మరిది కొత్తది తెచ్చి, శుక్రవారం చూసి, బొట్టు పెట్టి, తనే వైరు బిగించాడట. ఆ పాతదాన్ని మాటలున్న రోజుల్లో నేనే సరిచేసి పెట్టాను, నంబర్లు పంచకుండా. కొత్తదానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు ఒక్కమాట చెప్పొచ్చు కదా అన్నాను, గొంతు పెరిగింది నాకు. ఎట్ల చెప్తం, మాటల్లేవాయె అంది తను, నేల వైపు చూస్తూ. గిన్నెలో నిమ్మకాయలు పెట్టడం వచ్చు గానీ ఆ సంగతి రాసి పెట్టడం రాదా అని అరిచాను. మరిది అప్పటికే మార్కెట్‌కు పోయి ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు.

పిల్ల లోపలి గది నుంచి వచ్చింది. ఇస్త్రీ చేసిన కాటన్ చుడీదారు, తల నున్నగా దువ్వుకుంది. ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, డబ్బా అడుగున ఉన్న పాస్‌వర్డు చూసి కొట్టింది. నీలం పేజీ తెరుచుకుంది. నేను ఆ డబ్బాకు వేరే నంబరు ఇచ్చాను. నంబర్లు పంచే పని ఆపించాను. మొత్తం నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాలూ నా నోరు ఊరుకోలేదు. మీ నాన్న మొండితనం, మీ అమ్మ మూతి ముడుపు, ఉన్నమాట అన్నందుకు నన్ను వెలివేశారు అని ఏకరువు పెడుతూనే ఉన్నాను. నువ్వైనా కిందికి రావద్దూ, వాళ్లు ఆపితే ఆగిపోతావా అన్నాను.

పిల్ల నోరు తెరిచింది. మాట ఆగింది. నేను ఆగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"వాళ్లు ఆపలే పెద్దమ్మా. నేనే రాలే." మళ్లీ ఆగింది. "ఆ రోజు నేను చెప్దామనే నోరు తెరిచిన. నాకు మాట ఆగుతదని నేనే చెప్దామని. నువ్వు ఆగలే. నా కన్నా ముందు నువ్వు చెప్పినవ్."

ఆరేళ్లు పేపరు చదివించి, అది ఎంతసేపు ఆగుతుందో లెక్క తెలుసని విర్రవీగినదాన్ని. ఎదుటివాళ్లు ఓపిక పట్టాలని ఊరందరికీ చెప్పినదాన్ని. ఆ హాల్లో ఓపిక పట్టనిది నేనే. ఏడుగురు బయటివాళ్ల కంటే ముందు నేనే. ఆ రెండేళ్లలో ఎవరెవరి మీదో మోసిన కోపమంతా ఒక్కసారి నా మీదికే తిరిగింది. ల్యాప్‌టాప్ మూసి దానికి ఇచ్చేసి, కింద పీకిన వైరు మళ్లీ పెట్టి వస్తానని మెట్లు దిగాను.

వైరు పెట్టాను. అన్నీ చూశాను. పదకొండుకు పది నిమిషాలు. కింద కూర్చోలేకపోయాను. ఫోను పట్టుకుని మళ్లీ ఎక్కి ఏడో మెట్టు మీద కూర్చున్నాను. ఫోనులో సెకనుకు ఒక అంకె వస్తూ ఉంటుంది, లైను బతికే ఉందని. అంకె రాకపోతే లైను ఆగినట్టు. నేను ఆ అంకెలనే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి తోటికోడలు వచ్చి నా పై మెట్టు మీద కూర్చుంది.

పిల్ల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే దాని గొంతు దానికే వినిపించి ఇంకా ఆగుతుందట, అందుకని స్పీకర్‌లోనే మాట్లాడుతుంది. అన్నీ వినిపిస్తున్నాయి. అవతల ముగ్గురు, ఇద్దరు మగవాళ్లు, ఒకామె. ఇంగ్లీషులో అడుగుతున్నారు. మొదటి రెండు ప్రశ్నలకు పిల్ల చిన్న చిన్న మాటల్లో, ఆగకుండా చెప్పేసింది. తప్పించుకుంటోంది అనిపించింది నాకు. పెద్ద మాటలు వచ్చిన చోట వేరే చిన్న మాట వెతుక్కుంటోంది. మూడో ప్రశ్న విత్తనాలు మొలకెత్తకపోతే ఏమేం పరీక్షలు చేస్తావని. దానికి చిన్న మాటల్లో జవాబు లేదు.

పిల్ల మొదలుపెట్టింది. ఆగింది.

ఫోను చూశాను. అంకెలు వస్తూనే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

లోపల నుంచి మగ గొంతు, హలో, హలో అంటోంది. మీ నెట్‌వర్క్ పోయినట్టుంది, తెర కదలడం లేదు అంటోంది. ఇంకో గొంతు, ఈమెకు కనెక్షన్ బాగోలేదు, ఇంకెప్పుడైనా చూద్దాం, తర్వాతివాళ్లను పిలవండి అంటోంది.

నేను లేచాను. ఎలా లేచానో తెలియదు. ఆ తలుపు తోసి, ఆ తెర ముందు నా ఫోను పెట్టి, కళ్లు తెరిచి చూడండి, నెట్ నిక్షేపంగా ఉంది, మూడు రోజులు చచ్చి చెడి బాగుచేశాను, ఆగలేనిది మీరు అని వాళ్ల మొహాన చెప్పాలి. తోటికోడలిని దాటి పై మెట్టు మీద కాలు కూడా పెట్టాను. వెనక నుంచి నా కొంగు బిగిసింది.

"కూసో అక్కా."

రెండేళ్ల తర్వాత ఆ పిలుపు. తను నా మొహం చూడలేదు, తలుపు వైపే చూస్తోంది. కొంగు మాత్రం రెండు చేతులా పట్టుకుంది. నేను కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో నా ఒంట్లో ప్రతి నరానికీ తెలిసింది. పళ్ల మధ్య నా వేలు పెట్టుకుని కొరుక్కున్నాను.

అప్పుడు పిల్ల గొంతు వచ్చింది. ఇంగ్లీషులోనే అంది. నాకు మాత్రం మా ఇంటి మాటల్లోనే గుర్తుండిపోయింది.

"నెట్ పోలేదు సార్. నెట్ మంచిగనే ఉంది, మా పెద్దమ్మ చూసింది. ఆగింది నేను. నాకు మాట ఆగుతది. జెర ఆగుండ్రి, నేను చెప్తా."

అవతల నుంచి ఏ చప్పుడూ లేదు. నాకు భయమేసి ఫోను చూశాను. అంకెలు వస్తున్నాయి, సెకనుకు ఒకటి, ఒక్కటీ తప్పకుండా. లైను ఆగలేదు. వాళ్లకే మాట రావడం లేదు. ఆరు, ఏడు, ఎనిమిది అని లెక్కపెట్టాను.

తర్వాత ఆ ఆడమనిషి గొంతు సవరించుకుని, సారీ, చెప్పమ్మా, ఆగుతాం అంది. పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. ఆగింది, చెప్పింది, మళ్లీ ఆగింది, చెప్పింది. మేమిద్దరం మెట్ల మీద అలాగే కూర్చున్నాం. చెల్లె నా కొంగు వదల్లేదు, నేను లాక్కోలేదు.